మూడో మందు రాసే ముందు

మూర్ఛ గురించి మన దగ్గర మాట ఎత్తితే అది మందుల దగ్గరే ఆగిపోతుంది. కొత్త మందు ఏదైనా వచ్చిందా, ఎన్నేళ్లు మింగాలి, మానేస్తే మళ్లీ వస్తాయా అని రోగి తరఫు వాళ్లు అడుగుతారు. డాక్టరు చీటీ మీద ఇంకో మాత్ర చేర్చి పంపిస్తారు. నిజానికి మందుల రకాలకు కొదవ లేదు. ఫినోబార్బిటాల్ ఫిట్స్‌ను ఆపుతుందని 1912లోనే జర్మన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ గుర్తించాడు. 1938లో ఫెనిటాయిన్ వచ్చింది. ఆ తర్వాత కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్, ఈ పాతికేళ్లలో లెవెటిరాసెటామ్ వచ్చాయి. ఇవాళ ఇరవైకి పైగా మందులు వాడుకలో ఉన్నాయి. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందనీ, సరైన నిర్ధారణ, చికిత్స అందితే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మాటలో అందరూ ‘చికిత్స’ను పట్టుకుంటారు, ‘సరైన నిర్ధారణ’ను దాటేస్తారు. మందు పనిచేయలేదని మనం అనుకుంటున్న కేసుల్లో చాలా వాటిలో విఫలమైంది మందు కాదు, నిర్ధారణ. అది రెండు చోట్ల తప్పుతోంది: వచ్చింది అసలు మూర్ఛేనా అన్న దగ్గర, మూర్ఛే అయితే ఏ రకం అన్న దగ్గర. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు యంత్రంలో దొరకదు, ఫిట్స్ వచ్చినప్పుడు పక్కన ఉండి చూసిన మనిషి చెప్పే మాటల్లో దొరుకుతుంది. ఆ మాటలు వినే వ్యవస్థను కట్టుకోకుండా మందులు ఎన్ని పెంచినా ఫలితం అంతంతమాత్రమే.

ఫిట్స్ వచ్చిన ప్రతివారికీ మూర్ఛ వ్యాధి ఉన్నట్టు కాదు. ప్రత్యేకమైన కారణమేదీ లేకుండా, 24 గంటలకు మించిన ఎడంతో రెండుసార్లు ఫిట్స్ వస్తే మూర్ఛ అని అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం 2014లో నిర్వచించింది. ఒక్కసారే వచ్చినా, వచ్చే పదేళ్లలో మళ్లీ వచ్చే అవకాశం కనీసం 60 శాతం ఉందని స్కాన్, మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ వంటివి చెబితే అప్పుడూ మూర్ఛగానే లెక్క. ‘కారణమేదీ లేకుండా’ అన్నది ఇక్కడ కీలకం. రక్తంలో చక్కెర బాగా పడిపోయినా, సోడియం తగ్గినా, రోజూ తాగే మనిషి హఠాత్తుగా మద్యం మానేసినా, మెదడువాపు వచ్చినా ఫిట్స్ వస్తాయి. ఆ కారణాన్ని సరిచేయాలి గానీ ఏళ్ల తరబడి మూర్ఛ మందులు మింగించకూడదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 2 నుంచి 5 శాతం మందికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. వీరిలో అత్యధికులకు అది ఆ వయసుతోనే పోతుంది. మన ఇళ్లలో జలుబుకు పిల్లల ముక్కు దగ్గర పెట్టే కర్పూరం, రాసే నీలగిరి తైలం కూడా కొందరిలో ఫిట్స్ తెప్పిస్తాయని దక్షిణ భారత నాడీ వైద్యులు ఈ మధ్య గట్టిగా హెచ్చరిస్తున్నారు. ఆ సంగతి అడిగేవాళ్లు లేకపోతే పసివాడికి మూర్ఛ అని చీటీ మీద పడిపోతుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి పడిపోయి కొట్టుకున్నారు. వారి రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది, ఆ తర్వాత అనుమానం పురుగుమందుల వైపు మళ్లింది. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే కోలుకుని ఇళ్లకు వెళ్లారు. ఒకే ఊళ్లో ఒకేసారి అంతమందికి వచ్చింది కాబట్టి బయటి కారణం ఉందని అందరికీ తోచింది. అదే ఒక్క మనిషికి, ఒక్క ఇంట్లో జరిగి ఉంటే అంత వెతుకులాట జరిగేదా అన్నది ఆలోచించాల్సిన విషయం.

మూర్ఛ విషయంలో వైద్యుడికి ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే, తాను నిర్ధారించాల్సిన సంఘటన తన కళ్ల ముందు జరగదు. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి అంతా సద్దుమణిగి ఉంటుంది. రోగికి ఏమీ గుర్తుండదు. చూసినవాళ్లేమో భయంతో చూసి ఉంటారు. పైగా ఆ చూసినవాళ్లు తరచుగా ఆసుపత్రికి రారు. ఫిట్స్ వచ్చింది పొలంలోనో హాస్టల్లోనో అయితే, డాక్టరు దగ్గరికి తీసుకొచ్చేది ఊరి నుంచి వచ్చిన తండ్రో అన్నో. ‘పడిపోయి కొట్టుకున్నాడంట’ అన్న ఒక్క ముక్క మాత్రమే వైద్యుడికి చేరుతుంది. ఆ ఒక్క ముక్కతో సొమ్మసిల్లడానికీ మూర్ఛకూ తేడా తెలియదు. మెదడుకు రక్తం కాసేపు తగ్గి మనిషి సొమ్మసిల్లినప్పుడు కూడా కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. 1994లో బెర్లిన్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన యువకులు కావాలనే స్పృహ తప్పేలా చేసి వీడియో తీశారు. పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 90 శాతం మందికి కుదుపులు కనిపించాయి. కొట్టుకుంటే మూర్ఛే అన్న నమ్మకం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి తేడా ఎక్కడుంది? పడిపోకముందు ఏం జరిగిందో, లేచాక ఎలా ఉన్నాడో అన్న దగ్గర ఉంది. ఎండలో క్యూలో నిలబడి ఉన్నాడా, ఇంజెక్షన్ సూది చూశాడా, కళ్లు బైర్లు కమ్మి చెమట పట్టిందని చెప్పాడా, ముఖం పాలిపోయిందా, పడుకోబెట్టగానే నిమిషంలోపు తెలివొచ్చి పక్కవాళ్లను గుర్తుపట్టాడా? ఇవన్నీ సొమ్మసిల్లడం వైపు చూపిస్తాయి. తల ఒక పక్కకు తిరిగిపోయిందా, ముఖం నీలం తిరిగిందా, నాలుక పక్క భాగం తెగిందా, లేచాక చాలాసేపు అయోమయంగా ఉన్నాడా, ఒళ్లంతా నొప్పులన్నాడా? ఇవి మూర్ఛ వైపు చూపిస్తాయి. మూత్రం పడటం రెండింటిలోనూ జరుగుతుంది, అది పెద్దగా పనికొచ్చే గుర్తు కాదు. ఈ ప్రశ్నలు అడగడానికి పది నిమిషాలు పడుతుంది, ఖర్చేమీ లేదు. పరుగెత్తుతున్నప్పుడో ఈదుతున్నప్పుడో హఠాత్తుగా కుప్పకూలిన పిల్లవాడి విషయంలో ఈ ప్రశ్న ప్రాణాల మీదికి వస్తుంది. గుండె లయ తప్పే జబ్బులు కొన్ని అచ్చం ఫిట్స్‌లా కనిపిస్తాయి. మూర్ఛ మందు ఇచ్చి పంపేస్తే తర్వాతిసారి ఆ పిల్లవాడు లేవకపోవచ్చు. మొదటిసారి ఇలా పడిపోయిన ప్రతివారికీ ఒక ఈసీజీ తీయాలని ప్రామాణిక వైద్య మార్గదర్శకాలు చెప్పేది అందుకే. ఈసీజీ యంత్రం ఇప్పుడు చిన్న పట్టణాల ఆసుపత్రుల్లోనూ ఉంది. అయినా మెదడు స్కాన్‌కు వేలు ఖర్చు పెట్టించి ఈసీజీ మరిచిపోవడం మన దగ్గర మామూలైపోయింది. ఇది సరిదిద్దుకోవడానికి డబ్బు అక్కర్లేదు, అలవాటు మారితే చాలు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. మనుషులు చెప్పేది ఎలా నమ్ముతాం, యంత్రం అబద్ధం చెప్పదు కదా, ఈఈజీ తీసి తేల్చేయవచ్చు కదా అని. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను 1924లో నమోదు చేసి 1929లో ప్రకటించాడు. మూర్ఛ వైద్యంలో దాన్ని మించిన పరికరం ఇప్పటికీ లేదన్నది నిజం. కానీ మామూలు ఈఈజీ తీసేది ఓ అరగంట. ఆ అరగంటలో సాధారణంగా ఫిట్ రాదు. ఫిట్‌కు ఫిట్‌కు మధ్య మెదడు వదిలే చిన్న గుర్తుల కోసం వెతుకుతారు. మూర్ఛ నిజంగా ఉన్న పెద్దవారిలో మొదటి ఈఈజీలో ఆ గుర్తులు కనబడేది సగం మందిలోనే. నిద్ర తక్కువ చేసి, నిద్రలోనూ తీసి, మళ్లీ మళ్లీ తీస్తే ఆ శాతం పెరుగుతుంది. కాబట్టి ఈఈజీ నార్మల్ అంటే మూర్ఛ లేదని కాదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. బ్రిటన్ వైమానిక దళంలో చేరడానికి వచ్చిన 13 వేల మందికి పైగా ఆరోగ్యవంతులైన యువకులకు ఈఈజీ తీస్తే 0.5 శాతం మందిలో మూర్ఛ గుర్తులు కనిపించాయి. వారిలో తర్వాత మూర్ఛ వచ్చినవారు దాదాపు లేరు. ఇక మెదడులోని సహజమైన హెచ్చుతగ్గులను మూర్ఛ గుర్తులుగా చదివేయడం వేరే సమస్య. సొమ్మసిల్లిన మనిషికి ఈఈజీ తీసి, దాన్ని అనుభవం లేనివాళ్లు చదివి ‘అబ్‌నార్మల్’ అని రాస్తే, ఆ కాగితం జీవితాంతం ఆ మనిషిని వెంటాడుతుంది. ఎంఆర్ఐ కథా ఇంతే. మెదడులో ఒక చోట మొదలయ్యే స్థానిక మూర్ఛ ఉన్నవారిపై 2002లో జర్మనీలో వచ్చిన ఒక అధ్యయనంలో, మామూలు పద్ధతిలో తీసిన ఎంఆర్ఐని మూర్ఛలో ప్రత్యేక అనుభవం లేనివారు చదివితే 39 శాతం మందిలో లోపం దొరికింది. అవే ఫిల్ములను మూర్ఛ నిపుణులు చదివితే 50 శాతానికి పెరిగింది. మూర్ఛ కోసం ప్రత్యేక పద్ధతిలో తీసి నిపుణులు చదివితే 91 శాతానికి చేరింది. దేనికోసం వెతకాలో తెలిసినవాడికే యంత్రం జవాబు చెబుతుంది. దేనికోసం వెతకాలో చెప్పేది మళ్లీ ఆ చూసిన మనిషి మాటే.

అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరుగుతున్నది ఫంక్షనల్ ఫిట్స్ అనే స్థితి ఉన్నవారికి. మూర్ఛలాగే పడిపోతారు, కొట్టుకుంటారు, పిలిస్తే పలకరు. కానీ ఆ సమయంలో మెదడులో మూర్ఛ తాలూకు విద్యుత్ తుఫాను ఉండదు. మనసులో నలిగిన భయం, గాయం, ఒత్తిడి, మెదడు శరీరాన్ని నడిపే తీరు కలిసి దీన్ని తెస్తాయి. మందులకు లొంగని మూర్ఛ అని పెద్ద కేంద్రాలకు వచ్చేవారిలో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా అసలు మూర్ఛే కాదని తేలుతుంటుంది, అందులో ఎక్కువ ఇదే. జర్మనీలో ఒక అధ్యయనం చూస్తే, మొదటి ఫిట్ నుంచి సరైన నిర్ధారణ దాకా సగటున ఏడేళ్లకు పైగా పట్టింది. ఆ ఏడేళ్లూ వాళ్లు అక్కరలేని మందులు మింగుతారు, మత్తుగా తిరుగుతారు, ఐసీయూల్లో గొంతులో గొట్టాలు వేయించుకుంటారు. ఫిట్స్ ఆగక అత్యవసర విభాగాలకు వచ్చినవారిపై అమెరికాలో పెద్ద ప్రయోగం ఒకటి జరిగి 2019లో ఫలితాలు వచ్చాయి. లెవెటిరాసెటామ్, ఫాస్‌ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్ మూడూ దాదాపు సగం మందిలో సమానంగా పనిచేశాయని తేల్చింది ఆ ప్రయోగమే. అందులో చేర్చుకున్నవారిలో సుమారు పదో వంతుకు ఉన్నవి ఫంక్షనల్ ఫిట్స్ అని తర్వాత బయటపడింది. నిపుణులు నడిపిన ప్రయోగంలోనే ఇలా జరిగితే మామూలు ఆసుపత్రి క్యాజువాలిటీలో ఎంత జరుగుతుందో ఊహించవచ్చు. ఈ ఫిట్స్‌లో కళ్లు గట్టిగా మూసుకుని ఉండటం, తల అటూ ఇటూ ఊపడం, కొట్టుకోవడం తగ్గుతూ పెరుగుతూ చాలా నిమిషాలు సాగడం ఎక్కువ. కానీ ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా రుజువు కాదు. ఫిట్ వస్తున్నప్పుడే వీడియో, ఈఈజీ రెండూ కలిపి నమోదు చేసే వీడియో ఈఈజీతోనే ఇది ఖాయమవుతుంది.

దీనికి వ్యతిరేకంగా వైద్యుల్లోనే ఒక బలమైన మాట ఉంది: ఇలా ప్రతిదాన్నీ మనసుకు అంటగడితే నిజమైన మూర్ఛ తప్పిపోతుంది కదా? ఆ భయం అర్థం లేనిది కాదు. మెదడు ముందు భాగంలో పుట్టే మూర్ఛలో రోగి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి కాళ్లు తొక్కుతున్నట్టు కదుపుతాడు, అరుస్తాడు, అరనిమిషంలో తేరుకుంటాడు. చూసినవాళ్లు దాన్ని నటన అనో పూనకం అనో అనేస్తారు. ఈఈజీ కూడా అప్పుడప్పుడు మౌనంగా ఉంటుంది. ఫంక్షనల్ ఫిట్స్ ఉన్నవారిలో కొందరికి పక్కనే నిజమైన మూర్ఛా ఉంటుంది. కాబట్టి తొందరపడి ఏ ముద్రా వేయకూడదన్నది రెండు వైపులా వర్తిస్తుంది. కానీ ఈ జాగ్రత్త పేరుతో ‘ఎందుకైనా మంచిది’ అని మూర్ఛ మందు రాసేయడం జాగ్రత్త కిందికి రాదు. అది నిర్ణయం తీసుకోకుండా తప్పించుకోవడమే. నటన అన్న మాటను వైద్యులు ముందు తమ నోటి నుంచి తీసేయాలి. ఫంక్షనల్ ఫిట్స్ వచ్చేవాళ్లు కావాలని చేయరు. దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించడం ఎంత క్రూరమో, ‘ఏమీ లేదు, నాటకం’ అని ఆసుపత్రి నుంచి పంపేయడం అంతే క్రూరం. వీరికి వైద్యం ఉంది, అయితే అది తేలిక కాదు. బ్రిటన్‌లో 368 మందిపై మాటల చికిత్సను పరీక్షించి 2020లో ప్రకటించిన ఫలితాల్లో, ఏడాది చివరికి నెలవారీ ఫిట్స్ సంఖ్య గణనీయంగా తగ్గలేదు. కానీ రోజువారీ జీవితం, మానసిక బాధ, ఫిట్స్ వల్ల కలిగే ఇబ్బంది మెరుగుపడ్డాయి. ఆ పాటి చికిత్సైనా అందాలంటే ముందు జబ్బుకు సరైన పేరు పడాలి.

వచ్చింది మూర్ఛే అని తేలాక, ఏ రకం అన్నది రెండో మెట్టు. ఇక్కడ తప్పితే మందే జబ్బును పెంచుతుంది. పదిహేనేళ్ల అమ్మాయికి పొద్దున లేవగానే చేతులు ఒక్కసారి ఉలిక్కిపడతాయి. చేతిలోని కాఫీ గ్లాసు జారిపోతుంది, పళ్లు తోముకుంటుంటే బ్రష్ ఎగిరిపడుతుంది. ఇంట్లోవాళ్లు అజాగ్రత్త అని తిడతారు. పరీక్షలకు తెల్లవార్లూ చదివిన మర్నాడు పెద్ద ఫిట్ వస్తుంది. డాక్టరు ఆ పెద్ద ఫిట్ గురించే వింటారు, పొద్దుటి ఉలికిపాటు గురించి అడగరు, వాళ్లూ చెప్పరు. అది కౌమారంలో మొదలయ్యే మయోక్లోనిక్ మూర్ఛ. దీనికి కార్బమజెపైన్, ఫెనిటాయిన్ ఇస్తే ఉలికిపాట్లు పెరుగుతాయి. సరైన మందు పడితే చాలామందిలో ఫిట్స్ పూర్తిగా ఆగిపోతాయి. ‘పొద్దున లేవగానే చేతిలోవి జారిపోతున్నాయా’ అన్న ఒక్క ప్రశ్న అడగకపోవడంతో ఏళ్లు గడిచిపోతాయి. అలాగే బడిలో టీచరు ‘పరధ్యానం’ అని గోడకు నిలబెట్టే పిల్లల్లో కొందరికి ఉన్నది ఆబ్సెన్స్ మూర్ఛ. కొన్ని సెకన్లు చూపు నిలిచిపోతుంది, తర్వాత ఏమీ జరగనట్టు రాసుకుంటారు. అలాంటి పిల్లలను డాక్టరు గదిలోనే మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటే చాలాసార్లు అక్కడే ఫిట్ కనిపిస్తుంది. దానికీ ఖర్చు లేదు.

రకం తెలిశాక కూడా మందు ఎంపిక నిజంగా కష్టమైన చోట్లు ఉన్నాయి, వాటిని దాచకూడదు. ఇలాంటి, మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యే సార్వత్రిక మూర్ఛల్లో వాల్‌ప్రోయేట్‌దే పైచేయి అని బ్రిటన్‌లో జరిగిన సనద్-2 ప్రయోగం 2021లో మళ్లీ చూపించింది. లెవెటిరాసెటామ్ దానికి సాటి రాలేదు. కానీ గర్భిణి వాల్‌ప్రోయేట్ వాడితే పుట్టే బిడ్డల్లో సుమారు పదింట ఒకరికి అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదలలో, నేర్చుకోవడంలో ఇబ్బందులు వస్తాయి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరుణాళ్ సంస్థ 1998లో మొదలుపెట్టిన కేరళ మూర్ఛ-గర్భధారణ రిజిస్ట్రీ మన మహిళల అనుభవాన్ని ఏళ్లుగా నమోదు చేస్తోంది. అంటే పదిహేనేళ్ల ఆ అమ్మాయికి బాగా పనిచేసే మందే, ఆమె తల్లి కావాల్సి వస్తే హానికరమైన మందు. ఆ మాట ఆమెకూ ఆమె ఇంటివాళ్లకూ ముందే చెప్పాలి. పెళ్లి కుదిరాక చెబితే ఆలస్యం. భయపడి గర్భం రాగానే మందు తనంతట తాను మానేస్తే తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రమాదం.

కారణం విషయంలో మన దేశం తన సొంత పాఠం నేర్చుకుని ప్రపంచానికీ నేర్పింది. 1980ల్లో సీటీ స్కాన్ మన దగ్గరికి వచ్చాక ఫిట్స్‌తో వచ్చిన ఎంతోమంది యువకుల మెదడులో చిన్న ఉంగరం లాంటి మచ్చ కనిపించేది. అది క్షయ గడ్డ అని నెలల తరబడి క్షయ మందులు వాడించేవారు. వేలూరు సీఎంసీలో వేదాంతం రాజశేఖర్, సహచరులు ఆ మచ్చలను తీసి పరీక్షించి, అవి ఎక్కువగా బద్దెపురుగు పిల్లలు మెదడులో చేరి చనిపోతూ ఏర్పరచిన గడ్డలని చూపించారు. వాటిలో చాలా భాగం వాటంతట అవే కరిగిపోతాయి. ఈ పురుగు ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మేం పంది మాంసం ముట్టమే అని చాలామంది ఆశ్చర్యపోతారు. పంది మాంసం సరిగా ఉడకకుండా తిన్నవాడి కడుపులో పురుగు పెరుగుతుంది. వాడి మలంలోని గుడ్లు చేతుల ద్వారా, పచ్చి కూరగాయల ద్వారా, నీళ్ల ద్వారా ఎవరి కడుపులోకి చేరితే వారి మెదడులో గడ్డలు ఏర్పడతాయి. శాకాహారికీ వస్తుంది. వేడి నీళ్లతో తలంటు పోసుకుంటున్నప్పుడే వచ్చే మూర్ఛ కూడా ఇలా మన ప్రాంతపు విషయమే. మైసూరు చుట్టుపక్కల దీన్ని ఎక్కువగా గుర్తించారు. నీళ్ల వేడి తగ్గిస్తేనే చాలామందికి తగ్గుతుంది, తగ్గనివారికి తలంటుకు ముందు క్లోబజామ్ అనే మందు ఇచ్చే పద్ధతిని బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు వాడారు. స్నానం చేస్తుండగా వచ్చిందా అని అడిగితే గానీ ఈ రకం బయటపడదు.

ఇప్పుడు మందుల లెక్కకు వద్దాం. 2000లో గ్లాస్గో వైద్యులు ప్యాట్రిక్ క్వాన్, మార్టిన్ బ్రోడీ అప్పటిదాకా ఏ మందూ వాడని 470 మందిని పరిశీలించి ఇచ్చిన లెక్క ఇప్పటికీ దారి చూపుతోంది. మొదటి మందుతో 47 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. రెండో మందుతో మరో 13 శాతం మందికి. మూడో మందో, రెండు మందులు కలిపో వాడితే అదనంగా 4 శాతం మందికే. అందుకే 2010లో అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం, సరైన రకం మందులు రెండు, సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలంది. మన దగ్గర ఈ గీత దాటిన రోగికి మూడో మందు, నాలుగో మందు రాస్తూ పోతాం. దాని బదులు అక్కడ ఆగి మొదటి నుంచి అడగాలి. ఇది మూర్ఛేనా? ఇదే రకమా? మందు నిజంగా మింగుతున్నారా, లేక ఫిట్స్ రాని నెలలో ఆపేస్తున్నారా? డోసు సరిపోయిందా? క్షయ మందులు పక్కన ఉన్నాయా? వాటిలో ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్‌ను రక్తంలో పెంచి మనిషిని తూలిపడేలా చేస్తుంది, రిఫాంపిసిన్ మూర్ఛ మందుల బలాన్ని తగ్గించేస్తుంది. ఫెనిటాయిన్‌కు ఇంకో గుణం ఉంది: ఒక స్థాయి దాటాక డోసు కొంచెం పెంచినా రక్తంలో మందు ఒక్కసారి ఎగబాకుతుంది. ‘జబ్బు ముదిరి నడవలేకపోతున్నాడు’ అనుకున్న మనిషి మందు ఎక్కువై తూలుతుండవచ్చు.

ఇవన్నీ సరిచూసుకున్నాకా ఫిట్స్ ఆగకపోతే ఆపరేషన్ గురించి అడగాల్సిన సమయం వచ్చినట్టే. మెదడుకు ఆపరేషన్ అనగానే ఆఖరి ఆశ అనుకుంటాం. సాక్ష్యం అలా చెప్పడం లేదు. కెనడాలో 80 మందిపై జరిగి 2001లో వచ్చిన ప్రయోగంలో, కణత భాగపు మూర్ఛకు ఆపరేషన్ చేసినవారిలో ఏడాదికి 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ ఆగాయి, మందులే వాడినవారిలో 8 శాతం మందికే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లలపై జరిగి 2017లో వచ్చిన ప్రయోగంలో ఆ తేడా 77 శాతానికి 7 శాతం. అది మన దేశంలో, ప్రభుత్వ ఆసుపత్రిలో, మన పిల్లలపై వచ్చిన ఫలితం. శ్రీచిత్ర సంస్థలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఆపరేషన్ అందరికీ పనికిరాదు, ఫిట్ ఎక్కడ పుడుతోందో తేలాలి. అది తేలాలంటే మళ్లీ వీడియో ఈఈజీ, ప్రత్యేక ఎంఆర్ఐ, చూసినవారి మాట కావాలి. ఆలస్యానికి వెల ఉంది: మూర్ఛ ఉన్న పెద్దవారిలో ఏటా వెయ్యికి ఒకరు హఠాత్తుగా, ఏ ఇతర కారణమూ లేకుండా చనిపోతున్నారు. అదుపులో లేని పెద్ద ఫిట్సే అందుకు ప్రధాన ముప్పు.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. మన దేశంలో కోటి మందికి పైగా మూర్ఛ రోగులున్నారని అంచనా. ఎంతోమందికి అసలు మందే అందదు. పేద దేశాల్లో నాలుగింట మూడొంతుల మందికి చికిత్స దొరకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. నాడీ వైద్యులేమో హైదరాబాద్, విశాఖ, విజయవాడ వంటి నగరాల్లోనే ఎక్కువ. ఇలాంటి చోట సూక్ష్మమైన నిర్ధారణ గురించి మాట్లాడటం విలాసం కాదా, అనుమానం ఉన్నా ముందు మందు ఇవ్వడమే మేలు కాదా? దీనికి నా సమాధానం రెండు భాగాలు. ఒకటి, తొందర పడనక్కరలేదని సాక్ష్యం ఉంది. ఒక్కసారో కొద్దిసార్లో ఫిట్ వచ్చి, మందు మొదలుపెట్టాలా వద్దా అన్న అనుమానం ఉన్నవారిలో, వెంటనే మందు మొదలుపెట్టడాన్నీ ఆగి చూడటాన్నీ బ్రిటన్ పరిశోధకుల నాయకత్వంలో ఒక పెద్ద ప్రయోగం పోల్చింది. 2005లో వచ్చిన ఫలితాల్లో, వెంటనే మందు ఇస్తే మొదటి ఒకటి రెండేళ్లలో ఫిట్స్ తగ్గాయి, కానీ మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఫిట్స్ లేనివారు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానమే, 76, 77 శాతం. అనుమానం ఉన్నప్పుడు ఆగి చూడటం వల్ల పోయేది అంతగా లేదు. అయితే రోగిని వదిలేయకుండా ఆగాలి. స్పష్టమైన మూర్ఛ ఉన్నవారికి మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం తగదు. రెండో భాగం ఇది: మందు అందకపోవడానికీ, తప్పు మందు అందడానికీ వేరు ఒక్కటే. వినే మనిషి దగ్గరలో లేకపోవడం. కర్ణాటకలోని యెలందూరులో కె.ఎస్. మణి బృందం 1990ల్లోనే గ్రామాల్లో ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ వంటి చవక మందులతో మూర్ఛ వైద్యం నడపవచ్చని చూపించింది. లూథియానాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్లి పలకరించిన చోట రోగులు మందులు మానకుండా వాడారు. ఇలాంటి చోట్ల నిర్ధారణకు నిపుణుడు ప్రతిసారీ అక్కర్లేదు, నేర్పించిన ప్రశ్నలు చాలు.

ఆ ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు నిజం చెప్పాలంటే సమాజం కూడా మారాలి. 1976లో సవరించిన హిందూ వివాహ చట్టంలో పిచ్చితో పాటు తరచూ వచ్చే మూర్ఛ కూడా పెళ్లికి అడ్డంగా రాశారు. 1999లో పార్లమెంటు ఆ మాట తీసేసింది. చట్టం మారి పాతికేళ్లు దాటింది, పెళ్లిచూపుల దగ్గర దాపరికం మారలేదు. కూతురికి ఫిట్స్ వస్తున్నాయని బయటికి తెలియకూడదని దాచే తల్లిదండ్రులు డాక్టరు దగ్గరా సగమే చెబుతారు. సగం చెప్పిన మాట మీద పూర్తి వైద్యం నిలబడదు. ఫిట్ వచ్చినప్పుడు చేతిలో ఇనుప తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం కూడా పోవాలి. తాళాలు, ఉల్లిపాయ పనికిరావు, చెంచా పళ్లు విరగ్గొడుతుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ కూర్చోవాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కు ఫోన్ చేయాలి. ఆ గడియారం చూసే పని చేసినవాళ్లే తర్వాత డాక్టరుకు అన్నిటికంటే విలువైన సాక్షి.

ఇప్పుడు ఆ సాక్షి చేతిలో ఫోన్ ఉంది. 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, ఇంట్లో ఫోన్‌తో తీసిన వీడియో చూసి మూర్ఛ నిపుణులు పదింట తొమ్మిది సార్లు సరిగా చెప్పగలిగారు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఇలా వస్తుంటే, మనిషి క్షేమం చూసుకున్నాక ముఖమూ చేతులూ కాళ్లూ కనిపించేలా, ఆగిపోయాక రెండు నిమిషాల దాకా వీడియో తీయండి. రెండు మందులు సరిగా వాడినా ఫిట్స్ ఆగకపోతే, మూడో మందు రాసే ముందు మీ డాక్టరును వీడియో ఈఈజీ ఉన్న కేంద్రానికి పంపమని అడగండి. హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర వంటి ప్రభుత్వ సంస్థల్లో ఆ వసతి ఉంది. వెళ్లేటప్పుడు పాత చీటీలతో పాటు, ఫిట్ వచ్చినప్పుడు పక్కన ఉన్న మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి.